పళ్ళ గంగాలు ‘స’

తలుపు అవతల మిషను గుయ్యిమని, ఆగి, మళ్ళీ గుయ్యిమంటోంది. లోపల మనవరాలి నోట్లోనే ఆ చప్పుడు. ముందు పళ్ళు శుభ్రం చేస్తారట, తరవాత ఒక్కో పంటికీ ఒక్కో బిళ్ళ అంటించి తీగ కడతారట, ఏడాదిన్నర తిరిగేసరికి వరస మొత్తం లోపలికి వెళ్ళి కుదురుగా కూర్చుంటుందట. యశస్విని బయటికొచ్చాక గంగాలమ్మ వంతు. ఆవిడకి బిళ్ళలూ తీగలూ అక్కర్లేదు, పీకడమే. కింది వరస పోయిన ఏడే పోయింది, దాని బదులు పెట్టిన సెట్టు ఇప్పటికీ ఎవరి నోట్లోదో అరువు తెచ్చుకున్నట్టే ఉంటుంది. పై వరసలో పోయిన వారం పక్కపళ్ళు రెండూ ఇక్కడే, లోపలి కుర్చీలో, పట్టకారు తగిలీ తగలకముందే రాలిపడ్డాయి. ఇంక మిగిలినవి ఎదర నాలుగు. పెదవి కప్పలేని నాలుగు. నాలికతో తోస్తే ఊగుతున్నాయి. ఇవాళ వాటినీ తీసేసి, చిగుళ్ళు మానాక తెల్లటి కొత్త సెట్టు పెడతానన్నాడు డాక్టరు. కూర్మన్నపాలెం జంక్షన్లో మందుల షాపు మీద మేడ ఇది. కిటికీలోంచి చూస్తే హైవే, ఉక్కునగరం వైపు తిరుగుతున్న లారీలు, దుమ్ము. గంగాలమ్మ చూపు కిటికీ మీదే ఉంది కానీ ముక్కు మాత్రం లవంగనూనె వాసన మీద ఉంది.

ఆ వాసన అమ్మది, చిట్టమ్మది. అమ్మ పంటినొప్పికి లవంగం దవడన పెట్టుకుని, చేపలగంప నెత్తిన పెట్టుకుని, కోటవీధి సందులన్నీ తిరిగేది. వెనకాల ఆరేళ్ళ గంగాలు. అమ్మ ‘సేపలోయ్’ అని ఒక్క కేక వేస్తే ఏ ఇంటావిడ ఎలా బయటికొస్తుందో గంగాలుకి ముందే తెలుసు. ఒకావిడ కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మునివేళ్ళ మీద వచ్చేది, ఒకావిడ చేప మొప్ప ఎత్తి చూసి ముక్కు విరిచేది, ఇంకొకావిడ కొనదు కాని గంప మొత్తం కలియబెట్టేది. వాళ్ళు తలుపు తీయకముందే గంగాలు వాళ్ళలా నడిచి చూపించేది. అమ్మ గంప దించుకుంటూ, “నోరు ముయ్యవే గుంటా” అని కసిరితే, “మూత పడదే అమ్మా, పళ్ళు అడ్డం” అంది ఒకరోజు. మొప్పలెత్తి చూసే ఆవిడ ఎంత నవ్విందంటే పైట జారి గంపలో పడింది, చందువ చేపల మీద. అంత పెద్దావిడ, అంత పెద్దింటావిడ, తన మాటకి ఒంగి ఒంగి నవ్వుతోంది. ఆ నవ్వు ఎక్కడినించి వచ్చిందో గంగాలుకి అప్పటికప్పుడే అర్థమైంది. పళ్ళలోంచి రాలేదు. అమ్మ కసురుకీ తన జవాబుకీ మధ్య తను ఆగిన ఆ చిటికెడు సేపులోంచి వచ్చింది. ఆ చిటికెడు సేపుని పట్టుకునే అరవై ఏళ్ళు బతికింది.

పక్క కుర్చీలో కోడలు అనూరాధ వారపత్రిక తిరగేస్తోంది. ఒళ్ళో బ్యాగు, బ్యాగు మీద చీటీలు, ఎక్సరేలు. మంచి పిల్ల. అనకాపల్లి దగ్గర పల్లెలో వ్యవసాయం వాళ్ళ అమ్మాయి, జాలారి ఇంటికి కోడలుగా రావడానికి పుట్టింటివాళ్ళతో ఎంత పోట్లాడిందో కొడుకు అప్పలరాజు చెప్పాడు. రెండు వారాలుగా అత్తకి జావ కాచి, చల్లార్చి, గ్లాసు చేతికిస్తోంది. పొద్దున జావ ఇస్తూ, “ఇంక మీకు చక్కటి పలువరస వస్తుందత్తయ్యా” అంది సంబరంగా. కొడుకు డ్యూటీకి బూట్లు కట్టుకుంటూ, “అరవయ్యేడో ఏట అందగత్తెవైపోతావే అమ్మా” అన్నాడు. అందరూ నవ్వారు, తనూ నవ్వింది. తరవాత తడిబట్టలు ఆరేసే నెపంతో పెరట్లోకి వెళ్ళి, ఉక్కునగరం సెక్టారులో ఎవరికీ వినబడకుండా, తన పాట ఎత్తుకుంది. ‘సందువ సేపా సక్కని సేపా, సంతకొచ్చి సిగ్గుపడిపోనాది.’ రాలేదు. పక్కపళ్ళు పోయిన సందుల్లోంచి గాలి పారిపోతోంది. మాటల్లో ఎలాగో నెట్టుకొస్తోంది గాని, పాటలో లాగేసరికి ఫందువ ఫేప అయిపోయింది. చేతిలో తడి తువ్వాలుతో అలాగే నిలబడిపోయింది. పక్క క్వార్టరు పెరట్లో ఎవరో కుక్కరు కడుగుతున్న చప్పుడు. నాలుగే మిగిలాయి, ఇవీ పోతే, తరవాత వచ్చేవి ఎవరి పళ్ళు, వాటిలోంచి వచ్చేది ఎవరి ‘స’?

మిషను మళ్ళీ గుయ్యిమంది. కాదు, ఇది ఈల. ఎలమంచిలిలో గార్డు ఊదిన ఈల. శ్రీరామ్మూర్తి గారి నాటక కంపెనీలో చేరి అప్పటికి మూడేళ్ళు. గంగమ్మ జాతరలో గంగాలు పాట విని, పదిహేనేళ్ళ పిల్లని అమ్మా అయ్యల్ని ఒప్పించి తీసుకుపోయాడాయన. తీసుకుపోయింది స్టేజి ఎక్కించడానికి కాదు, పక్క తెర వెనక కూర్చోబెట్టడానికి. కంపెనీ కథానాయికకి అందం ఉంది గాని గొంతు లేదు. ఆవిడ ముందు నిలబడి పెదాలు కదిపితే, వెనక ట్రంకుపెట్టె మీద కూర్చుని గంగాలు పాడేది. మూడేళ్ళు అలాగే. ఎలమంచిలిలో డేరా రైలుకట్ట పక్కనే వేశారు. కథానాయిక మొగుణ్ణి పోగొట్టుకుని శోకాలు పెట్టే ఘట్టం, గంగాలు ఒళ్ళో వేరుశెనక్కాయల పొట్లం పెట్టుకుని శోకం ఎత్తుకుంది. అప్పుడే గూడ్సు బండి కదులుతూ గార్డు ఈల ఊదాడు. తెర లాగేవాడు అది తనకి వేసిన ఈలే అనుకున్నాడు, గంగాలు ముందున్న పక్క తెర లాగేశాడు. అంతే. అక్కడ కథానాయిక, ఇక్కడ వేరుశెనక్కాయల పొట్లంతో గంగాలు, ఇద్దరి నోళ్ళూ తెరిచే ఉన్నాయి, పాట మాత్రం పళ్ళున్న నోట్లోంచి వస్తోంది. జనం ఒక్క క్షణం బిగుసుకుపోయి, తరవాత డేరా ఎగిరిపోయేలా నవ్వారు. శ్రీరామ్మూర్తి గారు అటు పక్క నుంచి పారిపో పారిపో అని చేతులు ఊపుతున్నాడు. ఎందుకు పారిపోవాలి? తప్పు చేసింది తెర గాని తను కాదు కదా. గంగాలు పాట ఆపకుండా లేచింది, పొట్లం మడిచి బొడ్లో దోపుకుంది, కథానాయిక దగ్గరికి నడిచి ఆవిడ నోట్లోకి తొంగిచూసింది, తన పళ్ళు వేలితో తడుముకుని చూసుకుంది, ఒక్క చిటికెడు సేపు ఆగి, తరవాతి చరణం ఎత్తుకుంది. మర్నాడు జనం వచ్చి అడిగింది నాటకం ఏమిటని కాదు, ‘ఆ పళ్ళ పిల్ల ఉందా’ అని. ఆ రోజు నుంచి తను పళ్ళ గంగాలు. పేరు వాళ్ళు పెట్టారు, తను ఉంచుకుంది.

“ఏం ఆలోచిస్తున్నారు? భయమేస్తోందా?” అంది అనూరాధ పత్రిక మూసి.

“భయవేటి, పళ్ళు పీకించుకోడానికి భయపడే రోజులా” అంది గంగాలమ్మ. కోడలు మళ్ళీ పత్రిక తెరిచింది.

భయపడింది ఒకసారి, మద్రాసులో. నిజానికి అది భయం కూడా కాదు, ఏదో. అప్పటికి నాటకాలు వదిలి సినిమాల్లో చేరింది, ఆరో ఏడో అయ్యాయి. అన్నిట్లోనూ ఒకటే వేషం, పెళ్ళిచూపుల్లో కుర్రాడు తలుపు తీయగానే కనబడి వాణ్ణి పారిపోయేలా చేసే పిల్ల. బురదలో పడడం, పేడలో పడడం, చీపురుదెబ్బలు. మొదటి సినిమాలో డైరెక్టరు ‘చేపలు’ అనమన్నాడు, తను ‘సేపలు’ అంది. చేపలు అను. సేపలు. అలా పదిహేనుసార్లు. చివరికి ఆయన విసిగిపోయి ఏదో ఒకటి కానీ అన్నాడు, హాల్లో జనం నవ్వింది సరిగ్గా ఆ మాటకే. తరవాత ఒక నిర్మాత దయతలిచాడు. నిజంగా దయే, తిట్టుకోవడానికి లేదు. “మంచి గొంతమ్మా నీది. ఆ పళ్ళు నాలుగూ అరగదీయించుకో, హీరోయిన్ స్నేహితురాలి వేషం ఇస్తాను, పాట కూడా నీకే. ఎన్నాళ్ళు తన్నులు తింటావు?” అన్నాడు. డాక్టరు దగ్గరికీ ఆయనే పంపించాడు. ఇదే వాసన, ఇలాంటి కుర్చీయే. మెడ చుట్టూ తెల్లగుడ్డ కట్టారు. గుడ్డ కట్టాక నర్సు చేతికి అద్దం ఇచ్చి, చివరిసారి చూసుకోమ్మా అంది, హాస్యానికే. గంగాలు చూసుకుంది. ఆ అద్దంలో మొప్పలెత్తి చూసే ఆవిడ పైట జారుతోంది, ఎలమంచిలి డేరా ఎగిరిపోతోంది. లేచింది. గుడ్డ మెడలోనే ఉంది, అలాగే మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేసింది. కింద చెట్టు నీడన నీలకంఠం నిలబడి ఉన్నాడు, కంపెనీ రోజుల నుంచీ తన పాటకి హార్మోనియం వాయిస్తున్న మనిషి. అప్పటికింకా పెళ్ళి కాలేదు, పెళ్ళి మాట ఇద్దరూ ఎత్తలేదు. మెడలో గుడ్డని చూశాడు, ముఖంలోకి చూశాడు. “ఏదీ, ‘స’ అను” అన్నాడు. అంది. కళ్ళు మూసుకుని విన్నాడు, శ్రుతి చూసుకునేవాడిలాగ. “ఉంది. పద” అన్నాడు.

ఉంది. పద. పెళ్ళికి అంతకన్నా మంచి మాట ఎవరైనా అడుగుతారా. హీరోయిన్ స్నేహితురాలి వేషం ఎవరికో పోయింది, పోనీ. విశాఖపట్నం వచ్చేశాక పాత పోస్టాఫీసు దగ్గర రెండు గదుల ఇంట్లో కూర్చుని నీలకంఠం ఆ పాట కట్టాడు, ప్రతి మాటలోనూ ‘స’ వచ్చేలాగ. ఆ ‘స’లో ఈల లాంటి ఒక సన్నటి గాలి ఉంటుంది, అది గొంతులోంచి కాదు, ఆ నాలుగు పళ్ళ సందుల్లోంచి వస్తుంది, దాన్ని హార్మోనియం మీద ఏ మెట్టూ పలకదు అనేవాడు. పాట రికార్డయింది, తరవాత క్యాసెట్టయింది. చేపలరేవులో పడవల మీద పాడారు, పోర్టులో కూలీలు బస్తాలు మోస్తూ పాడారు, పెళ్ళిపందిళ్ళలో మైకు సెట్టు వాళ్ళు భక్తిపాట అయిపోగానే అదే వేశారు. సిగ్గుపడిపోయిన చందువ చేప. అసలు ఆ చేపకి సిగ్గేమిటని అప్పలరాజు చిన్నప్పుడు అడిగేవాడు. “అందరూ మొప్పలెత్తి సూత్తారు కదరా, అందుకు” అనేది. “మరి పాట సివర్న ఏటవుద్ది?” “ఏటవుద్ది, సిగ్గిడిసీసి గంపలోంచి గెంతీసుద్ది.”

తొంభయ్యొకటిలో నీలకంఠం పోయాడు. పరామర్శకి వచ్చినవాళ్ళు గుమ్మంలో ముఖం దిగాలుగా పెట్టుకునేవాళ్ళు, లోపలికొచ్చి తనని చూడగానే వాళ్ళ పెదవి చివర వణికేది. ఏడుపుకి కాదు. వాళ్ళ తప్పు కాదు. ఎన్ని సినిమాల్లో, ఎన్ని స్టేజీల మీద వాళ్ళు ఈ ఏడుపు ముఖం చూసి నవ్వలేదు గనక? పక్కింటి చిన్నపిల్ల ఒకతె పకపకా నవ్వేసింది కూడా, దాని తల్లి వీపు మీద ఒకటి వేసింది. “కొట్టకమ్మా” అంది గంగాలమ్మ, కళ్ళు తుడుచుకోకుండానే, “నవ్వనీ. ఆయనుంటే ఆయనా నవ్వేవోడే.” ఏడవడానికి కూడా వేరే ముఖం లేదు తనకి. ఉన్నది ఒక్కటే, దాంతోనే అన్నీ చెయ్యాలి. ఆ రోజు అది ఎంత బరువనిపించిందో ఎవరికీ చెప్పలేదు. చెప్పినా నవ్వేవాళ్ళు.

తరవాతే కొడుకు తనతో రమ్మన్నాడు. ఉక్కునగరం సెక్టారులో క్వార్టరు, వేళకి నీళ్ళు, వరసగా చెట్లు, అన్నీ కొలిచి పెట్టినట్టుగా ఉన్నాయి. రెండేళ్ళు పోయాక ఒక సంఘం వాళ్ళు పోర్టు దగ్గర హాల్లో సభ పెట్టి పిలిచారు. మైకు పట్టుకున్న పెద్దమనిషి, “దేవుడు ఆవిడకి అందం ఇవ్వలేదు, కానీ ఆ రూపంతోనే మనందరినీ నవ్వించింది” అన్నాడు. చప్పట్లు. దండ వెయ్యబోతే గంగాలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. మైకు తీసుకుంది. “బాబూ, ఈ హాల్లో ఎత్తుపళ్ళోళ్ళు ఎంతమంది ఉన్నారు, సెయ్యెత్తండి” అంది. ఎవరూ ఎత్తలేదు. “నాకిక్కణ్ణించి పదిమంది కనబడతన్నారు. మరి మిమ్మల్ని సూసి ఎవులూ నవ్వరేం? రూపం వల్ల నవ్వొత్తే మీకూ పెట్టాలి కదా ఈ సభ. నాను తాళం తప్పకుండా కిందపడ్డాను బాబూ, అందుకు నవ్వేరు. అది దేవుడిచ్చింది కాదు, నాను నేర్సుకున్నాది.” అని దండ తనే తీసి మెడలో వేసుకుని కూర్చుంది. తిరిగొస్తున్నప్పుడు బస్సులో, “అంతమందిలో అలా అనాలా అమ్మా” అన్నాడు అప్పలరాజు. అనాలి. అనకపోతే అంతమందిలోనూ అదే ఉండిపోతుంది.

అయినా ఉండిపోయింది. తొంభై తొమ్మిదిలో టీవీలో ఒక మిమిక్రీ కుర్రాడు ప్లాస్టిక్కు పళ్ళు పెట్టుకుని పళ్ళ గంగాలుని చేశాడు. అడ్డకచ్చ కట్టుకుని, కళ్ళు తిప్పుతూ, ఊరికే కిందపడుతూ. అనూరాధ ముఖం ఎర్రబడింది. అప్పలరాజు లేచి టీవీ కట్టేశాడు. “ఉంచరా” అంది తను. “వద్దమ్మా, వెధవలు.” “వెధవ కాదురా, బద్ధకస్తుడు. ఒక్క ‘స’ పలకలేదు సూడు. పళ్ళు పెట్టీసుకుంటే అయిపోద్దనుకున్నాడు.” అప్పుడు యశస్వినికి ఏడేళ్ళు, పాలపళ్ళు పోయి ఎదర రెండు పళ్ళు అప్పుడప్పుడే వచ్చాయి. కొంచెం ముందుకి. అనూరాధ వాటినే చూస్తోందని గంగాలమ్మ గమనించింది.

పోయిన నెల ఆ పిల్ల బడి నుంచి వచ్చి బ్యాగు విసిరేసి మంచం మీద బోర్లా పడింది. క్లాసులో పిల్లలు నారింజతొక్కలు పెదవి కింద పెట్టుకుని, వరసగా నిలబడి, నవ్వారట. తలమీద చెయ్యి వేస్తే విదిలించుకుంది. “నీ వల్లే నాన్నమ్మా. నువ్వు సినిమాల్లో చెయ్యకపోతే ఎవరికీ తెలిసేది కాదు.” సభలో మైకు పట్టుకున్న మనిషికి జవాబు ఉంది గాని, ఈ పిల్లకి ఏం చెప్పాలి? తాళం గురించి చెప్పాలా? ఆ వారమే పిల్లకి తీగలు కట్టించాలని నిర్ణయం అయింది. ఆ చేత్తోనే మీకూ చూపిద్దాం అత్తయ్యా అంది అనూరాధ. తను మారుమాట్లాడకుండా సరే అంది. ఎందుకంది? ఇంట్లో ఒక పళ్ళ గంగాలు తగ్గితే పిల్ల భారం కొంత తగ్గుతుందని. అద్దంలో ఒక ముసలమ్మ, మామూలు ముసలమ్మ, పెదాలు మూత పడిన ముసలమ్మ, ఎవరూ గుర్తుపట్టని ముసలమ్మ. అది మనవరాలికి తను ఇచ్చేదనుకుంది. కానీ ఈ కుర్చీలో కూర్చుని ఇంతసేపటి నుంచి మనసు ఎటు తిరిగినా అదే చెబుతోంది. అది ఇవ్వడం కాదు. ఆ తొక్కలు పెట్టుకున్న పిల్లలతో పాటు తనూ వెళ్ళి వరసలో నిలబడి, అవును రా, ఇది సిగ్గుపడాల్సినదే అని ఒప్పుకోవడం. పిల్ల తన పళ్ళు మార్చుకోవచ్చు. దాని నోరు, దాని ఇష్టం. కానీ వాళ్ళ నాన్నమ్మ తలదించుకోవడం ఆ పిల్ల చూడకూడదు.

తలుపు తెరుచుకుంది. యశస్విని బయటికి రాలేదు, లోపలే పక్క స్టూలు మీద కూర్చుని నోట్లో దూది పెట్టుకుని అద్దంలో తీగలు చూసుకుంటోంది. నర్సు పిలిచింది. గంగాలమ్మ లేచి నడిచింది, వెనక అనూరాధ. కుర్చీ వెనక్కి వాలింది, నెత్తిమీద లైటు వెలిగింది. డాక్టరు దేవీప్రసాద్ కుర్రవాడు, చేతులు మెత్తన. సూదిలోకి మందు ఎక్కిస్తూ, “నాలుగే కదా మామ్మగారూ, అయిదు నిమిషాల పని” అన్నాడు.

గంగాలమ్మ అతని మణికట్టు పట్టుకుంది. “ఆగు బాబూ. పీకీముందు వీటికి అచ్చు తియ్యి.”

“అచ్చు తరవాత తీస్తాం, చిగుళ్ళు ఆరాక.”

“చిగుళ్ళకి కాదు, వీటికి. ఈ నాలుగూ ఎలాగున్నాయో అలాగే కావాలి నాకు. ఇంతే ఎత్తు, ఇంతే సందు.”

డాక్టరు సూది దించాడు. “ఎత్తుగానా? మామ్మగారూ, నా దగ్గరికి వచ్చేవాళ్ళంతా లోపలికి కట్టమని అడుగుతారు. బయటికి కట్టమని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.”

“నానడుగుతున్నాను.”

“అత్తయ్యా!” అంది అనూరాధ. గొంతు తగ్గించింది కాని గది చిన్నది. “ఏమిటిది? యశస్విని స్కూల్లో ఎంత పడుతోందో మీకు తెలీదా? మళ్ళీ అవే ఎందుకు?”

“దానికి తీగలు కట్టించొద్దని నానన్నానేటే? కట్టించు, సుబ్బరంగా కట్టించు. దాని పళ్ళు దానివి. నా పళ్ళు నావి.”

“లోపలికి కడితే మాట కూడా బాగుంటుంది మామ్మగారూ” అన్నాడు డాక్టరు బుజ్జగిస్తున్నట్టు. “ఇప్పుడు ‘స’ సరిగ్గా రావట్లేదు కదా మీకు. అప్పుడు అందరిలాగే చక్కగా వస్తుంది.”

“అందరి ‘స’ నాకెందుకు బాబూ?”

నర్సు చేతిలోని పళ్ళెం కింద పెట్టింది. డాక్టరు నోట్లోకి లైటు వంచి మొదటిసారి, నిజంగా మొదటిసారి, ఆ నాలుగింటినీ పీకాల్సిన పళ్ళుగా కాకుండా ఆవిడ పళ్ళుగా చూశాడు. ఎంత ముందుకున్నాయి, మధ్యలో సందు ఎంత, ఏది ఎటు తిరిగి ఉంది. “మరీ ఇంత ముందుకి కడితే నిలవడం కష్టం. కొంచెం తగ్గించి...”

“నాకు అరవై ఏళ్ళు నిలబడ్డాయి. నువ్వు సదువుకున్నోడివి, నువ్వు నిలబెట్టలేవా?”

“అచ్చు తీసేటప్పుడు దాంతో పాటే ఊడి వచ్చేస్తాయేమో, బాగా ఊగుతున్నాయి.”

“వత్తే రానీ, నీకు పీకే పని తప్పుద్ది.”

నర్సు నవ్వింది. డాక్టరు నవ్వాపుకుని అనూరాధ వైపు చూశాడు. ఆవిడ బ్యాగుని రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. “మీ అబ్బాయికి నేనేం చెప్పాలత్తయ్యా?” అంది.

“నీ మొగుడికి నాను సెప్తాను. ఆడు ఈ పళ్ళ మీద పెరిగినోడే.”

అనూరాధ అత్త ముఖంలోకి చాలాసేపు చూసింది. కోపంగానే చూసింది. తరవాత ఆ కోపంలోనే డాక్టరుతో, “అయితే గట్టిగా కూర్చునేలా కట్టండి. నలుగురిలో ఊడిపడితే ఆవిడకేం, ఎత్తుకుని పెట్టేసుకుంటారు. మేం చావాలి” అంది.

గంగాలమ్మకి ఆ మాట తాళంలో పడినట్టు వినిపించింది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది పిల్ల. పద్నాలుగేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటూ తను గమనించనేలేదు.

గులాబీరంగు పిండి నీళ్ళలో కలిపి, ఒక రేకుతట్టలో నింపి, డాక్టరు దాన్ని పై వరసకి అదిమాడు. చల్లగా, బంకగా, చిగుళ్ళ మీదుగా పాకింది. అది గట్టిపడేదాకా కదలకూడదట, మాట్లాడకూడదట, ముఖ్యంగా నవ్వకూడదట. మూడు నిమిషాలు. గంగాలు నోటికి ఇంతసేపు తాళం వేసినవాళ్ళు ఇప్పటిదాకా లేరు. కళ్ళు పైకి. లైటు. లైటు పక్కన డాక్టరు గడ్డం. మూడు నిమిషాల్లో ఎంత పాట పాడచ్చు, రెండు చరణాలు, నెమ్మదిగా అయితే ఒకటిన్నర. ఈ పిండిలో ఇప్పుడు నాలుగు గుంతలు పడుతున్నాయి. నీలకంఠం ఉంటే దీన్ని కూడా శ్రుతి చూసేవాడు. కాదు, అతన్ని ఇప్పుడు తలుచుకోకూడదు, గొంతు కదులుతుంది. డాక్టరుకి ఒక అలవాటు ఉంది, ప్రతి మాటకీ ముందు మాస్కు గడ్డం కిందికి లాగి, మెడ ఓ పక్కకి వాల్చి, ఎవరూ ఏమీ చెయ్యకపోయినా “వెరీ గుడ్” అంటాడు. ఇప్పుడూ అన్నాడు. “వెరీ గుడ్ మామ్మగారూ, ఇంకొక్క నిమిషం.” అతని భుజం వెనకాల ఏదో కదిలింది. యశస్విని స్టూలు దిగి నిలబడి ఉంది. నోట్లో దూది లేదు. కొత్త తీగలు లైటుకి మెరుస్తున్నాయి. నాన్నమ్మ కళ్ళలోకే చూస్తూ, లేని మాస్కుని రెండు వేళ్ళతో గడ్డం కిందికి లాగింది. మెడ వాల్చింది. ‘వెరీ గుడ్’ అని చప్పుడు లేకుండా పెదాలు కదిపింది. అక్కడితో ఊరుకుంటే గంగాలమ్మ తట్టుకునేదే. కానీ ఆ పిల్ల ఆగింది. ఒక్క చిటికెడు సేపు ఆగి, అప్పుడు లేని మాస్కుని మళ్ళీ పైకి లాక్కుంది.

గంగాలమ్మ ముక్కులోంచి ఒక గుర్రు వచ్చింది. భుజాలు అదిరాయి, కుర్చీ అదిరింది, కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. “నవ్వకండి, నవ్వకండి, అచ్చు పోతుంది” అని డాక్టరు తట్ట పట్టుకుని అరుస్తున్నాడు. అచ్చు పోయింది. బయటికి తీసి చూస్తే నాలుగు గుంతలకి ఏడు గుంతలు పడివున్నాయి. పళ్ళు మాత్రం నాలుగూ నోట్లోనే ఉన్నాయి, ఒక్కటీ ఊడలేదు.

డాక్టరు వెనక్కి తిరిగాడు. యశస్విని చేతులు కట్టుకుని గోడ మీది పళ్ళ బొమ్మని చదువుతోంది.

“మళ్ళీ తియ్యాలి” అన్నాడు డాక్టరు, ఏడవలేక నవ్వుతూ.

గంగాలమ్మ పెదవికి అంటుకున్న గులాబీ పిండిని మోచేత్తో తుడుచుకుంది. “తియ్యి బాబూ” అంది, నోరు ఇంకా బాగా తెరుస్తూ. “కానీ ముందు ఆ గుంటని బయటికి పంపించు.”